హైస్కూలు సైన్సు క్లాసు గాడి తప్పకుండా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత జ్ఞాపకాలు చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఆ పని నాకంటే బాగా చేయగల వారు ఈ హాల్లో చాలామంది ఉన్నారు, ఉదయం నుంచి చేస్తూనే ఉన్నారు. అందుకని అనుమతి తీసుకుని వేరే సంగతి ఎంచుకున్నాను. ఈ బడిలో ఈ రోజు ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు చదువుతున్న పిల్లలు సైన్సు క్లాసులో ఎక్కడ వెనకబడిపోతున్నారు, అలా కాకుండా ఉపాధ్యాయులూ మనమూ ఏం చేయవచ్చు అన్నదే ఆ సంగతి. నేను ఉపాధ్యాయుణ్ణి కాను. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. అయితే గత ఆరేళ్లుగా సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడల్లా మాస్టార్ల అనుమతితో తొమ్మిదో తరగతిలో కొన్ని శనివారాలు కూర్చుంటున్నాను, కొన్ని ప్రయోగాలకు చేయి సాయం చేస్తున్నాను. అక్కడ చూసిందే చెబుతాను.

ముందు ఇప్పటి పరిస్థితి చెప్పుకుందాం. మా రోజుల్లో పి.ఎస్. మాస్టారు, ఎన్.ఎస్. మాస్టారు అని ఇద్దరుండేవారు. ఒకరు బల్ల మీద సారాదీపం వెలిగించేవారు, ఇంకొకరు బోర్డు మీద గుండె బొమ్మ వేసేవారు. ఇప్పటికీ పోస్టులు అలాగే ఉన్నాయి: స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ సైన్సు, స్కూల్ అసిస్టెంట్ బయలాజికల్ సైన్సు. ఆరు, ఏడు తరగతుల్లో సైన్సు ఒకటే. ఎనిమిదికి వచ్చేసరికి రెండుగా చీలుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ వారు మాత్రం పదో తరగతి దాకా భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలను కలిపి ‘సైన్సు’ అని ఒకే పుస్తకంగా రాశారు. మన రాష్ట్రంలో ఇప్పుడు ఆ పాఠాలే వచ్చాయి. పబ్లిక్ పరీక్ష దగ్గరికి వెళ్తే మళ్లీ రెండు పేపర్లు: ఫిజికల్ సైన్సు 50 మార్కులు ఒక రోజు, బయాలజీ 50 మార్కులు ఇంకో రోజు. అంటే పాఠాలు రాసినవారు కలిపి రాశారు, చెప్పేవారు విడివిడిగా చెబుతారు, పరీక్ష విడివిడిగా జరుగుతుంది. ఈ రెండింటినీ కలిపే పని ఎవరి మీద పడుతుంది? పదమూడేళ్ల పిల్లవాడి మీద. అది వాడొక్కడి వల్ల అయ్యే పని కాదు.

పిల్లలు క్లాసులో వెనకబడితే మనం వెంటనే రెండు మాటలంటాం. ఒకటి, అల్లరి ఎక్కువైంది. రెండు, ఫోన్లు చెడగొట్టాయి. రెండింట్లోనూ కొంత నిజం ఉండవచ్చు. కాని ఆ శనివారాల్లో నేను చూసిన క్రమం వేరు. ముందు ఒక చిన్న ముడి దగ్గర పిల్లవాడు ఆగిపోతాడు. ఆ వారం ఎవరూ గమనించరు. తర్వాతి పాఠం ఆ ముడి మీదే కడతారు. మూడో వారానికి వాడికి క్లాసులో ఏం జరుగుతోందో తెలియదు. అప్పుడు మొదలవుతుంది అల్లరి, లేకపోతే మౌనం. అల్లరి చేసేవాణ్ణి మాస్టారు చూస్తారు. మౌనంగా ఉన్నవాణ్ణి ఎవరూ చూడరు, ముఖ్యంగా ఆడపిల్లలను. నోట్సు అందంగా రాసుకుంటూ ఏడాదంతా ఏమీ అర్థం కాకుండా కూర్చున్నవారు ఉంటారు.

ఆ ముడులు ఎక్కడ పడతాయో కూడా దాదాపు తెలుసు. ఒకటి, గుర్తులూ సంకేతాలూ: సంయోజకత, రసాయన సమీకరణం తుల్యం చేయడం. రెండు, ప్రమాణాలు: వాట్ అంటే ఏమిటి, వాట్ అవర్ అంటే ఏమిటి. మూడు, మాటలు. ఇంగ్లీషు మీడియంలో చదువుతున్న పిల్లలకు ఇంగ్లీషు మాటా కొత్తే, ఎదురుగా ఉన్న తెలుగు మాటా కొత్తే. ‘కిరణజన్య సంయోగక్రియ’ అన్నా, ‘ఫొటోసింథసిస్’ అన్నా వాడికి రెండూ బట్టీ పట్టాల్సిన శబ్దాలే. నాలుగు, ప్రయోగం. ఆరుగురు పిల్లల గుంపులో ఇద్దరు చేస్తారు, నలుగురు చూస్తారు. ఏడాది పొడవునా అదే ఇద్దరు, అదే నలుగురు.

నా ఉద్యోగంలో బాయిలర్ ఆవిరి ఉష్ణోగ్రతను అనుక్షణం కొలుస్తూ ఉంటాం. రెండు డిగ్రీలు తేడా వస్తే వాల్వు కొద్దిగా కదిలిస్తే సరిపోతుంది. కొలత ఆలస్యంగా అందితే అప్పటికి ఇరవై డిగ్రీలు తేడా వచ్చి ఉంటుంది, మొత్తం యూనిట్ ఆపాల్సి వస్తుంది. పిల్లలు యంత్రాలు కారు, నాకు తెలుసు. కాని తేడా చిన్నగా ఉన్నప్పుడే తెలుసుకుంటే చిన్నగా దిద్దవచ్చు అన్న సూత్రం క్లాసులోనూ పనిచేస్తుంది. క్వార్టర్లీ పరీక్ష దాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే.

కాబట్టి నేను చెప్పదలచుకున్నవి రెండే. పాఠాలన్నిటినీ కలిపే ఒక గట్టి తాడు పిల్లల చేతికివ్వాలి. ఎవరి చేయి తాడు వదిలేసిందో వారం వారం చూసుకోవాలి. తాడు ఒక్కటే ఉంటే ముచ్చటగా ఉంటుంది, చదువు రాదు. పర్యవేక్షణ ఒక్కటే ఉంటే భయం పుడుతుంది, ఆసక్తి పుట్టదు. రెండూ కలిసి ఉండాలి.

తాడు ఎక్కడ దొరుకుతుంది? మన కృష్ణా డెల్టాలో వెతుక్కోనక్కర్లేదు. చేపల చెరువు తీసుకోండి. ఈ చుట్టుపక్కల పిల్లల్లో చాలామందికి చెరువుతో ఏదో ఒక సంబంధం ఉంది. కొందరి నాన్నలు రైతులు, కొందరి నాన్నలు కాపలాదారులు, కొందరి అమ్మలు రొయ్యల షెడ్డుల్లో పని చేస్తారు. తొమ్మిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పాఠంలో చేపల మిశ్రమ పెంపకం ఉంది. కట్ల, రోహు, మృగాల అని పేర్లతో సహా ఉంది. ఏది పై నీటిలో తింటుంది, ఏది మధ్యలో, ఏది అడుగున అన్నది కూడా ఉంది. ఆ పేర్లు చదివి పిల్లలు మాస్టారి వంక చూస్తారు. ‘అవేనర్రా, బొచ్చె, శీలావతి, మోసు’ అంటే క్లాసంతా ఒక్కసారి లేచి కూర్చుంటుంది. ఢిల్లీలో రాసిన పాఠం వాళ్ల ఇంటి గట్టు మీదికి వచ్చింది కదా!

ఆ చెరువు దగ్గరే మాస్టారు ఒక ప్రశ్న బోర్డు మీద రాశారు: ‘తెల్లారగట్ల నాలుగింటికి ఏరియేటర్లు ఎందుకు తిప్పుతారు? మిట్టమధ్యాహ్నం ఎందుకు ఆపుతారు?’ ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ప్రతి ఒక్కరూ తమ నోట్సులో తమకు తోచింది రాయాలి. తప్పయినా సరే. తర్వాత చదివించారు. ‘రాత్రి చేపలకు చలేస్తుంది కాబట్టి’ అన్నారొకరు. ‘అప్పుడు కరెంటు ఉంటుంది కాబట్టి’ అన్నారు ఇంకొకరు. అది మరీ తీసిపారేసే జవాబేమీ కాదు. అప్పటిదాకా నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, ‘మబ్బు పట్టిన రోజు మా నాన్న అసలు నిద్రపోడండీ’ అంది. ఎందుకో ఆ పిల్లకు తెలియదు. కాని మొత్తం పాఠానికి తాళంచెవి ఆ మాటలోనే ఉంది.

ఇక చూడండి, ఆ ఒక్క ప్రశ్న ఎన్ని పాఠాల్లోకి తీసుకెళ్తుందో. నీళ్లలో పచ్చగా ఉండే ప్లాంక్టన్ పగలు ఎండలో ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. శ్వాస మాత్రం ఆగదు. చేపలు, రొయ్యలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు, ఆ ప్లాంక్టన్ కూడా రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. కాబట్టి సూర్యోదయానికి కాస్త ముందు నీళ్లలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. అప్పుడే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ముందు రోజు మబ్బు పడితే పగటి ఉత్పత్తే తక్కువ, రాత్రి ఖర్చు మామూలే. ఆ అమ్మాయి వాళ్ల నాన్న నిద్రపోకపోవడానికి కారణం అది. ఇది జీవశాస్త్రం.

నీళ్లలో అసలెంత ఆక్సిజన్ కరుగుతుంది? 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర మంచినీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు. మన వేసవిలో 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. ఉప్పు కలిస్తే ఇంకా తగ్గుతుంది. పంచదార వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతుంది, వాయువు తక్కువ కరుగుతుంది. ఈ తేడాను పుస్తకంలో చదివితే పరీక్ష మర్నాడే మరిచిపోతారు. వేసవి చెరువుతో కలిపి చదివితే మరిచిపోవడం కష్టం. రాత్రంతా శ్వాస వల్ల చేరిన కార్బన్ డయాక్సైడు నీళ్లలో కరిగి కొంచెం ఆమ్లంగా మారుస్తుంది. అందుకే పీహెచ్ తెల్లవారుజామున తగ్గి, మధ్యాహ్నానికి పెరుగుతుంది. రైతు సున్నం ఎందుకు చల్లుతాడో పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠం వచ్చినప్పుడు ఇక్కడి నుంచే అందుకోవచ్చు. ఇది రసాయన శాస్త్రం.

ఏరియేటర్ చక్రం నీటిని చిమ్మి గాలి తగిలే ఉపరితలాన్ని పెంచుతుంది. దానికి రెండు హార్స్‌పవర్ మోటారు అనుకుందాం. అంటే సుమారు ఒకటిన్నర కిలోవాట్లు. పది గంటలు తిరిగితే 15 యూనిట్లు. చెరువుకు నాలుగు ఏరియేటర్లుంటే రాత్రికి 60 యూనిట్లు. నెలకెంత? ఈ లెక్క వేసిన పిల్లవాడికి వాట్‌కూ, వాట్ అవర్‌కూ తేడా ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది భౌతిక శాస్త్రం.

ప్రయోగాలకు పెద్ద ఖర్చు లేదు. కాలవలోంచి తెచ్చిన నాచును గాజు గరాటు కింద పెట్టి నీళ్లలో ముంచి ఎండలో ఉంచితే బుడగలు లెక్కపెట్టవచ్చు. నీడలోకి జరిపితే బుడగలు తగ్గుతాయి. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడుతుంది. మందార పూల రసం ఆమ్లంలో ఒక రంగు, క్షారంలో ఒక రంగు చూపిస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే కిట్లు ఆక్వా మందుల దుకాణాల్లో రైతుల కోసం అమ్ముతున్నారు. ఒక్క కిట్ ఉంటే, పెద్దవాళ్లు దగ్గరుండగా, ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి చెరువు నీళ్లు కొలిచి పిల్లలు గ్రాఫ్ గీయవచ్చు. అది వాళ్లు సొంతంగా సంపాదించిన గ్రాఫు. పుస్తకంలోంచి దించింది కాదు.

ఇక రెండో సగం, పర్యవేక్షణ. క్లాసు గాడిలో ఉండేది దీనివల్లే. ఇక్కడి మాస్టార్లతో కూర్చుని మూడు చిన్న పద్ధతులు పెట్టుకున్నాం.

మొదటిది, శుక్రవారం చీటీ. వారం చివర పది నిమిషాలు, పావు కాగితం, మూడు ప్రశ్నలు. ఒకటి భౌతిక, ఒకటి రసాయన, ఒకటి జీవ శాస్త్రం నుంచి. మార్కులు లేవు, ర్యాంకులు లేవు. మాస్టారు చీటీలను మూడు దొంతర్లుగా విడదీస్తారు: వచ్చింది, సగం వచ్చింది, రాలేదు. నలభై చీటీలకు పావుగంట చాలు. సోమవారం మొదటి పదిహేను నిమిషాలు ఆ మూడో దొంతర కోసం. చీటీకి మార్కులు పెట్టిన రోజు పిల్లలు పక్కవాడి చీటీ చూసి రాస్తారు, అప్పుడది కొలతగా పనికిరాదు. అందుకే మార్కులు వద్దన్నది ఖచ్చితమైన నియమం.

రెండోది, గుంపులో పనుల పంపిణీ. నలుగురే ఒక గుంపు. ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి, ఒకరు సామాను చూసుకోవాలి, నాలుగోవారు ‘ఎందుకు’ అని అడగాలి. ప్రయోగం మారితే పని కూడా మారాలి. పేర్లు గోడ మీద కాగితంలో ఉంటాయి. ఈ ఒక్క ఏర్పాటుతో చూస్తూ కూర్చునే వాళ్లు లేకుండా పోయారు. ‘ఎందుకు’ అని అడిగే పని అందరికంటే కష్టం అని పిల్లలే చెబుతారు.

మూడోది, నోట్సు. ఎడమ పేజీలో ‘నేను చూసింది’, కుడి పేజీలో ‘ఎందుకంటే’. ఎడమ పేజీ తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా, బొమ్మ గీసినా సరే. కుడి పేజీలో మాత్రం పుస్తకంలోని శాస్త్రీయ పదాలు రావాలి. భాష రానందుకు ఆలోచన ఆగకూడదు, ఆలోచన ఉందని పదాలు వదిలేయకూడదు. కుడి పేజీ ఖాళీగా ఉంటే మాస్టారికి ఒక్క చూపులో తెలిసిపోతుంది.

వీటితో పాటు ఉపాధ్యాయులకు ఒక మనవి. ఇద్దరు సైన్సు టీచర్లూ వారానికి ఇరవై నిమిషాలు కలిసి కూర్చోగలిగితే చాలు. పదో తరగతిలో ‘జీవక్రియలు’ పాఠమూ, ‘ఆమ్లాలు, క్షారాలు, లవణాలు’ పాఠమూ ఒకే పక్షంలో వచ్చేలా చూసుకుంటే, జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం గురించి ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. పిల్లలకు అది రెండు సబ్జెక్టుల్లా కాక ఒకే కడుపులా కనబడుతుంది.

చెరువు ఒక్కటే తాడు కాదు. పెడన ఇక్కడికి కూతవేటు దూరం. మన కలంకారీ అద్దకంలో బట్టను ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లను అచ్చుతో అద్దితే, కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి నల్లరంగు పుడుతుంది. పటిక అద్దిన చోటే ఎర్రరంగు నిలుస్తుంది, మిగతా చోట ఉతికితే పోతుంది. ఎందుకంటే పటికలోని అల్యూమినియం అటు నూలు పోగునూ ఇటు రంగునూ పట్టుకుంటుంది. పులియడం జీవశాస్త్రం, ఇనుప లవణం రసాయనం, పోగుల్లోకి రంగు పాకడం భౌతిక శాస్త్రం. డచ్చివారూ, ఇంగ్లీషువారూ సముద్రాలు దాటి బందరు రేవుకు వచ్చింది ఇలాంటి అద్దకం బట్టల కోసం. ఆ సరుకు వెనకున్న శాస్త్రం మన పిల్లలకు తెలియకపోతే ఎలా?

చిలకలపూడి కవరింగ్ నగల గురించి వేరే చెప్పాలా? రాగి మీద బంగారం పూత నిలవడం విద్యుత్తుతో జరిగే రసాయన చర్య. బడిలో మైలుతుత్తం ద్రావణం, రెండు బ్యాటరీ సెల్లులు, ఒక రాగి ముక్క, ఒక ఇనుప తాళంచెవి ఉంటే పూత పూసి చూపించవచ్చు. ఒక్క హెచ్చరిక. బంగారు పూత తొట్టెల్లో సైనైడు లవణాలు వాడతారు. అది బడిలో చేసే పని కాదు, పిల్లలను ఆ తొట్టెల దగ్గరికి తీసుకెళ్లకూడదు. ఎందుకు కూడదో చెప్పడం కూడా సైన్సు పాఠమే.

దివిసీమ నుంచి వచ్చినవారు ఈ సభలో ఉన్నారు. 1977 నవంబరు 19 గురించి నేను జాగ్రత్తగా మాట్లాడతాను, ఎందుకంటే ఆ రాత్రి ఇంట్లో మనుషులను పోగొట్టుకున్నవారు మన మధ్యనే ఉన్నారు. 1864 నవంబరు 1న బందరు మీదికే వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది పోయారని చరిత్ర చెబుతోంది. ఇలాంటి ఊళ్లో పెరిగే పిల్లలకు ఉప్పెన ఎలా వస్తుందో సరిగ్గా తెలియాలి. ‘అల్పపీడనం సముద్రాన్ని పైకి పీల్చేస్తుంది’ అని చాలామంది పెద్దలు కూడా అంటారు. లెక్క వేయిద్దాం. పీడనం ఒక హెక్టాపాస్కల్ తగ్గితే నీటి మట్టం దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది. తుఫాను కేంద్రంలో పీడనం 70 హెక్టాపాస్కళ్లు తగ్గిందనుకుంటే నీళ్లు లేచేది 70 సెంటీమీటర్లు. దివిసీమలో వచ్చింది సుమారు ఐదు మీటర్లు. మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది? గాలి తోసింది. మన తీరంలో సముద్రం లోతు తక్కువ, తోసిన నీరు కిందికి వెనక్కి పోలేక గట్టెక్కుతుంది. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. ఆ తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. దివిసీమ దానికి కుడి వైపున, గాలి సముద్రం నుంచి నేల మీదికి వీచే వైపున ఉంది. ఒక అట్లాసు, ఒక పెన్సిలు ఉంటే పిల్లలు ఇదంతా తామే తేల్చుకోగలరు. రేపు ‘తుఫాను చీరాల దగ్గర దాటుతుందట, మనకేం కాదు’ అని ఎవరైనా అంటే, ‘కాదు తాతయ్యా, పదండి’ అని చేయి పట్టుకుని లాక్కెళ్లగలరు. సైన్సు చదువుకు ఇంతకంటే ప్రయోజనం ఏముంది?

అక్కడి నుంచి కోడూరు, నాగాయలంక వైపు మడ అడవులకు రండి. బురదలో గాలి ఆడదు కాబట్టి మడ చెట్టు వేళ్లను పైకి పంపి శ్వాసిస్తుంది. చెరువు అడుగున ఆక్సిజన్ ఎందుకు లేదో చదివిన పిల్లవాడికి ఆ వేరు చూడగానే అర్థమైపోతుంది. మడలో కొన్ని రకాల ఆకుల మీద ఉప్పు కనబడుతుంది. ఒక పాఠం ఇంకో పాఠంలోకి ఇలా దారి తీస్తే పిల్లవాడు మధ్యలో దిగిపోడు.

ఇదంతా కొత్తగా నేను కనిపెట్టిందేమీ కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులతో సైన్సు బోధన కార్యక్రమం ఒకటి మొదలైంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు ప్రయోగాలు చేసి, తమ ఊరి పొలాలూ పురుగులూ చూసి సైన్సు నేర్చుకున్నారు. తర్వాత ‘ఏకలవ్య’ సంస్థ దాన్ని నడిపింది. వందల ప్రభుత్వ బడులకు పాకి, ముప్పై ఏళ్లు సాగి, 2002లో ఆగిపోయింది. మన ఊళ్లోనే 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలలో పుస్తకం చదువుతో పాటు చేతిపనులూ నేర్పారు. కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి సీతారామయ్య గారు నాటిన మొక్క అది. ఇంకొక మాట. బళ్లలోని ప్రయోగశాలలకు పరికరాలు తయారుచేసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ ఉన్నది ఈ బందరులోనే. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఊరూరి ప్రయోగశాలలకు సామాను పంపిన ఊరు మనది. ఆ ఊళ్లో ప్రయోగశాల బీరువాకు తాళం పడకూడదు.

ఇప్పుడు మీలో కొందరి మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. ‘సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? పరీక్ష మాటేమిటి?’ న్యాయమైన ప్రశ్నే. చెరువు అనేది అదనపు పాఠం కాదు, ఉన్న పాఠాలకే ఒక వరస. వారానికి దానికి పట్టేది శుక్రవారం పది నిమిషాలు, సోమవారం పదిహేను నిమిషాలు. పదో తరగతిలో జనవరి తర్వాత పునశ్చరణకే సమయమివ్వాలి, అప్పుడు కొత్తవేమీ మొదలుపెట్టకూడదు. అసలు బలం తొమ్మిదో తరగతిలో కట్టాలి. ఇంకొకటి, ప్రతి పాఠాన్నీ చెరువులో ముంచక్కర్లేదు. దర్పణాల కిరణ చిత్రాలు, సమీకరణాల తుల్యం, ఓమ్ నియమం లెక్కలు చేతితో పదే పదే చేస్తేనే వస్తాయి. అక్కడ కథలు చెబితే కాలం పోతుంది. ఎక్కడ కలపాలో, ఎక్కడ అభ్యాసం చేయించాలో ఉపాధ్యాయుడికే తెలుస్తుంది. మనలాంటి బయటివాళ్లు ఆ నిర్ణయంలో తలదూర్చకూడదు.

మరి మనం చేయవలసింది ఏమిటి? యాభై ఏళ్లలో మన సంఘం గేటు కట్టించింది, ఫ్యాన్లు పెట్టించింది, మంచినీళ్ల ఏర్పాటు చేసింది. అందరికీ ధన్యవాదాలు. స్వర్ణోత్సవ సంవత్సరంలో మూడు పనులు తలపెట్టమని కోరుతున్నాను.

ఒకటి, ఖర్చయిపోయే సామానుకు ప్రతి జూన్‌లో చిన్న నిధి. పరికరాలు ఎవరైనా ఇస్తారు, పేరు చెక్కించుకోవచ్చు కాబట్టి. లిట్మస్ కాగితం, మైలుతుత్తం, పరీక్ష నాళికలు, బ్యాటరీలు ఎవరూ ఇవ్వరు. ప్రయోగాలు ఆగిపోయేది అవి లేకనే. పగిలిన నాళికకు ఉపాధ్యాయుడు జవాబు చెప్పుకోనక్కర్లేని నిధి కావాలి. పగులుతుందని భయపడితే బీరువా తెరవరు.

రెండు, నెలకొక పూర్వ విద్యార్థి. ఉపన్యాసానికి కాదు, పనిముట్టుతో రావాలి. మనలో ఆక్వా రైతులున్నారు, లైన్‌మెన్ ఉన్నారు, నర్సులున్నారు, అద్దకం పనివారున్నారు, బోటు ఇంజన్లు బాగుచేసేవారున్నారు. ముప్పావుగంట, ఒక పనిముట్టు, దాని వెనకున్న ఒక్క ‘ఎందుకు’. ఏ వారం ఏ పాఠం నడుస్తోందో ముందుగా మాస్టారిని అడిగి రావాలి. పెద్ద ఉద్యోగాలు చేసినవారే రావాలని లేదు. లైన్‌మెన్ ఎర్తింగ్ గురించి చెబితే పిల్లలు జీవితాంతం గుర్తుంచుకుంటారు.

మూడు, మూడో దొంతరలోని పిల్లలు. శుక్రవారం చీటీల్లో వరుసగా వెనకబడిన పిల్లలకు వారానికి ఒక సాయంత్రం తోడు కూర్చునేందుకు ఊళ్లో ఉన్న పూర్వ విద్యార్థులు కావాలి. ఇది ట్యూషన్ కాదు. ఆ వారం ముడి విప్పడం, అంతే. పైచదువుల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చక్కగా చేయగలరు.

ఈ పిల్లలందరూ ఇంజనీర్లో డాక్టర్లో కావాలని నా కోరిక కాదు. పదో తరగతి దాటాక కొందరు ఎంపీసీ, కొందరు బైపీసీ, కొందరు పాలిటెక్నిక్, కొందరు ఐటీఐ, కొందరు నాన్నతో చెరువు గట్టు. సైన్సంతా కలిపి చదువుకునే అవకాశం వాళ్లలో చాలామందికి ఈ మూడేళ్లే. ఆ తర్వాత దారులు విడిపోతాయి. బైపీసీ పిల్ల కరెంటు వైరు చూసి భయపడకూడదు, ఎంపీసీ పిల్లవాడు మొక్క పేరు తెలియక తడుముకోకూడదు, చెరువు గట్టు మీదున్నవాడు సంచి మీద రాసింది చదవకుండా మందు చల్లకూడదు. ఆ మూడేళ్లలో ఎవరూ మధ్యలో దిగిపోకుండా చూడటం మన చేతిలో ఉంది.

రాబోయే జూన్‌లో తొమ్మిదో తరగతిలో మొదటి శుక్రవారం చీటీ రాసే రోజుకు ఆ నిధి సిద్ధంగా ఉంటుందని ఆశిస్తున్నాను.